ఇద్దరికి సరిపడా గాలి

లెవెల్ బాబాయి తన కారు నాలుగు టైర్లనూ నోటితో ఊది నింపాడు. ఇది మాటవరసకు అంటున్నది కాదు. ఒక్కో చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, వాల్వును పెదవుల మధ్య పెట్టుకుని, బుగ్గలు బంతుల్లా పొంగించి ఊదాడు. నాలుగో టైరు నిండేసరికి వీధిలో తక్కినవాళ్ళకు పీల్చుకోవడానికి గాలి కరువై, మేడ మీదివాళ్ళు కిటికీలు బార్లా తెరుచుకున్నారు. ఎదురింట్లో ఆరేసిన దుప్పట్లు ఆయన ఊపిరి పీల్చినప్పుడు ఇటూ, వదిలినప్పుడు అటూ ఊగాయి. ఆ ఊపిరి మీదే భార్యను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆవిడ దారంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

ఈ కథను నమ్మనివాళ్ళు ఆ వీధి మొత్తానికి ఇద్దరే. ఒకరు లెవెల్ బాబాయి, రెండోవారు ఆయన భార్య. సొంతవాళ్ళ సాక్ష్యం ఏ కోర్టులో చెల్లింది గనక! అయినా కథ మొదటినుంచీ తెలిస్తే తప్ప ఆయన గొప్పతనం బోధపడదు.

ఆయన ఉద్యోగమంతా ఒక ఆఫీసుల భవనంలో లిఫ్టు నడపడం. ఇప్పటి లిఫ్టులా బొత్తాం నొక్కి ముక్కు గోక్కుంటూ నిలబడే లిఫ్టు కాదది. మడత పడే ఇనప తలుపు, లోపల ఒక స్టూలు, గోడకు ఇత్తడి పిడి. పిడి ఇటు తిప్పితే పైకి, అటు తిప్పితే కిందికి, మధ్యకు తెస్తే ఆగుతుంది. ఎక్కడ ఆగాలన్నది లిఫ్టుకు తెలియదు, నడిపేవాడి మణికట్టుకు తెలియాలి. పక్క లిఫ్టు నడిపే ఆయన జానెడు పైనో బెత్తెడు కిందో ఆపి, "చూసి దిగండి సార్" అనేవాడు. జనం దిగేవారు, దిగి పడేవారు, లేచి ఆఫీసుకు పోయేవారు. మన బాబాయి మాత్రం లోపలి నేల, బయటి నేల ఒక్క గీతలో కలిశాకే తలుపు తీసి, "లెవెలే, దిగండి" అనేవాడు. ఆ పేరే ఆయనకు అంటుకుంది. ఆయన లిఫ్టు ఎంత మెత్తగా ఆగేదంటే, నాలుగో అంతస్తులో దిగాల్సిన ఒక పెద్ద ఆఫీసరు లిఫ్టు ఆగిన సంగతే తెలియక, లోపలే నిలబడి పదవీ విరమణ చేశాడని చెప్పుకుంటారు. ఆయనకు వీడ్కోలు సభ కూడా లిఫ్టులోనే జరిగిందట, ఆరుగురితో.

ఆరుగురితో ఎందుకంటే, ఆ లిఫ్టులో గోడకు ఒక ఇత్తడి పలక ఉండేది. దాని మీద చెక్కినది ఆరుగురు అని. దాన్ని చూసినవాళ్ళంతా, లోపల నలుగురుంటే ఇంకో ఇద్దరికి పిలుపు ఉందనుకునేవారు. గోనె సంచులతో, ఫైళ్ళ కట్టలతో, పొట్టలతో చొరబడేవారు.

"ఆరు అని రాసుంది కదయ్యా, నాతో ఆరేగా?"

"అది హద్దండీ, ఆహ్వానం కాదు. దిగండి."

"ఎవరు దిగాలి?"

"ఆఖరున ఎక్కినవారు."

ఉద్యోగమంతా ఆ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ ఆయన గొంతు అరిగిపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆయన గుర్తుపెట్టుకోలేదు.

భవనంవాళ్ళు బొత్తాల లిఫ్టు పెట్టి, ఆయనకు దండ వేసి, ఇంటికి పంపారు. రిటైరైన మొగుడు పగలంతా ఇంట్లో తిరుగుతుంటే ఏమవుతుందో ఆడవాళ్ళకు తెలియనిది కాదు. ఆవిడ కుట్టుపని నేర్పే టీచరు. ముందుగదిలో మిషన్లు, వాటి ముందు అమ్మాయిలు. వాళ్ళ మధ్య నుంచి ఈయన నిమిషానికోసారి తలుపు తీయడం, "లోపలికా బయటికా?" అని అడగడం చూసి చూసి, "ఏవండీ, ఏదైనా కారు కొనుక్కోండి. తలుపులు నాలుగుంటాయి, కావలసినన్నిసార్లు తీసుకోవచ్చు" అంది.

బురద రంగు పాత కారొకటి వచ్చి గుమ్మం ముందు నిలబడింది. బాబాయి దృష్టిలో కారంటే పడుకోబెట్టిన లిఫ్టు. లిఫ్టు పైకీ కిందికీ పోతుంది, ఇది ముందుకూ వెనక్కీ పోతుంది, అంతే తేడా. కనుక మొదటిరోజే ఆయన ఇత్తడి పలక కోసం వెతికాడు. యంత్రమన్నాక దాని అంకె దాని మీద ఎక్కడో ఉండి తీరాలని ఆయన నమ్మకం. లోపల కనబడలేదు. వంగి చూస్తే టైరు పక్కన, రబ్బరులోనే పోతపోసి, కనబడింది: నలభై నాలుగు.

దాని పక్కనే చిన్న అక్షరాల్లో, గాలి ఇంతకు మించరాదు అన్న ముక్క కూడా పోతపోసి ఉంది. ఆయన అంకె చదివాడు, ముక్క చదవలేదు. జీవితమంతా జనాన్ని ఏ తప్పుకు లిఫ్టులోంచి దింపేశాడో, అదే తప్పు చేసి తాను కారెక్కాడు.

పెట్రోలు బంకులో గాలి కొట్టే మనిషి ఒకడున్నాడు. మోటారుసైకిలు వచ్చినా వ్యాను వచ్చినా, ఫోను చెవికి భుజానికి మధ్య ఇరికించుకుని, అందరికీ ఒకే అంకె పెట్టేసే సమదర్శి.

"నలభై నాలుగు పెట్టు" అన్నాడు బాబాయి.

ఆ మనిషి చెవి దగ్గర్నుంచి ఫోను జారిపోయింది. "ఎంత?"

"నలభై నాలుగు. టైరు మీదే ఉంది, చూడు."

"మీ టైరు, మీ నడుము" అని పెట్టేశాడు.

ఆ తర్వాత ఆ కారు రోడ్డు మీద నడిచిందంటే రోడ్డుకు అవమానం. అది ఎగిరేది. పెనం మీద నీటిబొట్టులా చిందులు తొక్కేది. దారిలో అగ్గిపుల్ల పడి ఉంటే, దాని తల వైపు ఎక్కామో తోక వైపు ఎక్కామో లోపల కూర్చున్నవాళ్ళకు తెలిసిపోయేది. భార్య మొహం చిట్లిస్తే, "టైరు గట్టిగా ఉంటే బండికి బలం" అని సర్దిచెప్పేవాడు. బండికి బలమే, కూర్చున్నవాళ్ళకే నీరసం.

మిషను మీద ఏళ్ళ తరబడి వంగి వంగి ఆవిడ నడుము అంతకుముందే మొండికేసింది. ఒకరోజు వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. ఆ నడుముతో, ఆ కారులో, ఆ గాలి మీద ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరు స్కానింగు రాస్తుంటే ఆవిడ పడుకునే చెయ్యి ఊపింది.

"స్కానింగెందుకు డాక్టరుగారూ, ఏ పూస ఎక్కడుందో నేనే చెబుతా. దారిలో ఒక్కొక్కటీ పేరు చెప్పుకుని పరిచయం చేసుకుంది."

బాబాయి గోడకేసి చూశాడు. అక్కడ వెన్నెముక బొమ్మ వేలాడుతోంది. అది కూడా ఆయనకేసే చూసింది.

ఆపరేషను బాగానే జరిగింది. శుక్రవారం ఇంటికి వెళ్ళొచ్చన్నాడు డాక్టరు. "వెనక సీటులో పడుకోబెట్టి తీసుకెళ్ళండి. కానీ కుదుపులు మాత్రం పనికిరావు. లోపల కుట్లు పచ్చివి. ఏదైనా జరిగితే మళ్ళీ మొదటికొస్తుంది వ్యవహారం."

"అయితే నాకు ఆంబులెన్సు కావాలి" అంది ఆవిడ.

"మన కారుండగా?"

"మన కారుంది కనుకే."

పక్కనున్న నర్సు నవ్వు ఆపుకోవడానికి దిండు దులపడం మొదలుపెట్టింది. బాబాయికి తల కొట్టేసినట్టయింది. ఎవరెవరినో మెత్తగా పైకెక్కించి, మెత్తగా కిందికి దింపిన మనిషి తను. కట్టుకున్న భార్యే తన బండి ఎక్కనంటే, ఇక ఇన్నాళ్ళూ ఆ ఇత్తడి పిడి పట్టుకుని ఏం సాధించినట్టు? గాలి తగ్గిస్తానన్నాడు, సరిచేస్తానన్నాడు, బతిమాలాడు. ఆవిడ ఆలోచించింది. కుట్టు నేర్చుకునే అమ్మాయిలను అడిగే ప్రశ్నే ఈయనకూ వేసింది. కొలత తప్పు తీసిన పిల్లను ఆవిడ ఏమీ అనేది కాదు. ఎందుకంత తీశావంటే, పుస్తకంలో ఉంది టీచర్ అన్న పిల్ల కుట్టు మాత్రం అక్కడికక్కడే విప్పేసేది.

"శుక్రవారం ఆంబులెన్సు కూడా వస్తుంది, మీరూ రండి. ఎంత గాలి పెట్టారని అడగను. ఎందుకంత పెట్టారో చెప్పండి. సరిగ్గా చెబితే మీ కారెక్కుతా. టైరు మీద రాసుందండీ అన్నారో, ఆంబులెన్సు."

ఆ సాయంత్రమే ఇంట్లో సభ తీరింది. ఆవిడ అక్కగారు, అక్కగారి భర్త, తమ్ముడు. అక్కగారు ఇల్లు పీకి పందిరేసే రకం. ఆవిడ ఒక గదిలోకి వస్తే కుర్చీలు వాటంతట అవే సర్దుకుని కూర్చుంటాయి. ఆవిడ భర్త, అంటే బాబాయికి తోడల్లుడు, వాతావరణ కేంద్రంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. గాలి అన్న మాట వినబడగానే కళ్ళజోడు పెట్టుకున్నాడు. బావమరిది పరుపుల కొట్లో అమ్మకాలు చూస్తాడు. లోకంలో ఏ సమస్యకైనా అతని దగ్గర ఉన్న మందు ఒకటే: ఇంకొంచెం మెత్తగా.

"ఇందులో తర్జనభర్జనేముంది బావా? పరుపు గట్టిగా ఉంటే నొప్పి, మెత్తగా ఉంటే హాయి. తీసెయ్యండి గాలి."

"ఎంత తియ్యమంటావు?"

"చూస్తే జాలేసేటంత."

తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు. "గాలి విషయం నాకొదిలెయ్యి తమ్ముడూ. ముప్పై ఏళ్ళు దాంతో కాపురం చేశాను. ఉత్తరం నుంచి వీస్తోందా, దక్షిణం నుంచా?"

"టైరులో గాలండీ!"

"గాలి ఎక్కడున్నా గాలే."

వదినగారు తీర్పు చెప్పేసింది. "ఇరవై పెట్టండి మరిదిగారూ. వంక పెట్టలేని అంకె." ఆ ఇరవై ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగే ధైర్యం ఆ ఇంట్లో గోడలకు కూడా లేదు.

ఇరవై పెట్టారు. కారు బొజ్జ దించుకుని కూర్చుంది. పరీక్ష చేసి చూడాలి కదా, రోగి ఆసుపత్రిలో ఉంది. కనుక రోగి తమ్ముణ్ణి వెనక సీటులో పడుకోబెట్టి, పొట్ట మీద ఒక గిన్నె పెట్టి, గిన్నె అంచు దాకా నీళ్ళు పోశారు. నీళ్ళు ఎక్కడ తొణికితే అక్కడ కుదుపు అన్నమాట. లెక్క బాగానే ఉంది. బాబాయి కారు తీశాడు.

వీధి చివరిదాకా ఒక్క చుక్క తొణకలేదు. మలుపు తిరిగారు, ఒకటి రెండు చుక్కలు. బజారు దాటారు, ఏమీ లేదు. "ఎలా ఉందిరా?" అని అడిగాడు. అద్దంలో చూశాడు. కొలత పరికరం గుర్రు పెడుతోంది. ఆయన గర్వంతో ఉబ్బిపోయాడు, టైర్లలో తగ్గిన గాలంతా ఆయనలోకే ఎక్కింది. అయితే స్టీరింగు తిప్పడానికి భుజాలు ఊడిపోతున్నాయి. కారు ఈడ్చుకుపోతోంది, పోనంటున్న దున్నపోతును చెవి పట్టుకుని లాగుతున్నట్టు. బడి ముందున్న స్పీడు బ్రేకరు ఎక్కేదాకా అదీ సర్దుకున్నాడు. ఎక్కాక, మెత్తటి టైరు అణిగి అణిగి, లోపలి ఇనప చక్రమే వెళ్ళి సిమెంటును గుద్దింది. ఆ చప్పుడుకు బడిలో పిల్లలు గంట కొట్టారనుకుని బయటికి పరిగెత్తారు. గిన్నెడు నీళ్ళూ బావమరిది మొహం మీద పడ్డాయి.

"వానా! పరుపులు లోపల పెట్టండి!" అంటూ లేచాడతను.

దిగి చూస్తే టైరు పక్క భాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. బాబాయి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ గుద్దు భార్య నడుముకు తగిలి ఉంటే ఏమయ్యేదో ఆయన మనసులో ఒకసారి జరిగింది. ఇంకోసారి జరగకుండా కళ్ళు తుడుచుకున్నాడు. "గట్టిగా ఉంటే ఎగరేస్తుంది, మెత్తగా ఉంటే గుద్దేస్తుంది. మధ్యలో ఎక్కడో ఆగాలి" అన్నాడు.

"ఎక్కడ బావా?"

"అదే తెలియడం లేదు. పిడి చేతిలో ఉంది, అంతస్తు కనబడటం లేదు."

అప్పటినుంచి ఆయనకు బంకు మీద నమ్మకం పోయింది. కాలితో తొక్కే పంపు ఒకటి తెచ్చుకున్నాడు, దానికో గుండ్రటి మీటరు. దాంతో కొత్త గొడవ మొదలైంది. ఎండలో ఊరంతా తిరిగొచ్చి చూస్తే ఒక అంకె. పెట్టినదానికంటే ఎక్కువుందని కాస్త వదిలేస్తే, తెల్లారి చూసేసరికి అంకె కింద పడి ఉండేది. మళ్ళీ తొక్కడం, మళ్ళీ తిరగడం, మళ్ళీ వదలడం. వీధిలో ఎవరో గాలి దొంగ తిరుగుతున్నాడని బావమరిది పుకారు లేపాడు. ఇద్దరు ముగ్గురు సైకిళ్ళను ఇంట్లోకి కూడా తెచ్చుకున్నారు. తోడల్లుడు పీడనం, అల్పపీడనం అంటూ మొదలుపెట్టి, చివరికి తుపాను హెచ్చరిక దాకా వెళ్ళాడు.

మూడోరోజు పంపు మీద కాలు పెట్టి తొక్కబోతూ బాబాయి ఆగిపోయాడు. ఆయన లిఫ్టు కూడా ఇలాంటిదే కదా! పొద్దున్న ఒకలా ఆగేది. మధ్యాహ్నానికి ఎక్కీ దిగీ వేడెక్కిపోయి, ఒక వేలెడు ఎక్కువ జారేది. అందుకే లెవెలు ఎప్పుడూ పొద్దున్నే, ఎవరూ ఎక్కకముందు, చల్లగా ఉన్నప్పుడే సరిచూసుకునేవాడు. టైరులో గాలీ అంతే. తిరిగితే వేడెక్కుతుంది, వేడెక్కితే పొంగుతుంది. దొంగ లేడు, తుపాను లేదు. కొలవాల్సింది పొద్దున్న, బండి కదలకముందు.

ఎప్పుడు కొలవాలో తెలిసింది. ఎంత పెట్టాలో తెలియలేదు. గురువారం వచ్చేసింది.

ఏమీ తోచక, భార్య ఎక్కినా ఎక్కకపోయినా కారు శుభ్రంగా ఉండాలని, బకెట్టుతో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. డ్రైవరు తలుపు తీస్తే, తలుపు పడే చోట స్తంభం మీద ఒక కాగితం గులాబీ అంటించి ఉంది, పాత యజమాని సొగసు. రోజూ దాని పక్కనుంచే ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. తడిగుడ్డ తగిలి దాని రేకు లేచింది. లేచిన రేకు చూస్తే ఎవరైనా పీకకుండా ఉండగలరా? పీకాడు. కింద పలక!

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఇత్తడిది కాదు, కాగితందే, కానీ పలకే. దాని మీద వరసలుగా చిన్న చిన్న మనుషుల బొమ్మలు. ఇద్దరు మనుషులున్న వరసలో నాలుగు టైర్లకూ ముప్పై. మనుషులు కిక్కిరిసి, వెనక పెట్టెలు కూడా ఉన్న వరసలో ముందు టైర్లకు ముప్పై రెండు, వెనక టైర్లకు ముప్పై ఆరు. గాలి ఎంతన్నది టైరును బట్టి కాదు, ఎక్కేవాళ్ళను బట్టి. బాబాయి లేచి, టైరు పక్కకెళ్ళి, వంగి, నలభై నాలుగు పక్కనున్న ఆ చిన్న ముక్కను ఈసారి వేలు పెట్టి చదివాడు.

"హద్దు" అన్నాడు టైరుతో. "ఆహ్వానం కాదు." తన లిఫ్టులో దొంగచాటుగా ఎక్కిన ఏడోవాడు తనేనని తెలిసి, బకెట్టు మీద కూలబడి నవ్వుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే, ఎండ పొడ రాకముందే, పంపు మీద ఎక్కి తొక్కడం మొదలుపెట్టాడు. వయసు మీద పడ్డ మనిషి, నాలుగు చక్రాలు. ఆయాసంతో నోరు తెరిచి రొప్పుతుంటే, ఆ రొప్పు వీధి చివరిదాకా వినబడింది. అటూ ఇటూ చూసినవాళ్ళకు పంపు కనబడలేదు, చక్రం దగ్గర వంగిన మనిషీ, బుస్సు బుస్సుమనే శబ్దమూ మాత్రం తెలిశాయి. గొప్ప కథలు పుట్టడానికి అంతకంటే ఏం కావాలి?

నాలుగూ ముప్పైకి తెచ్చి, చేతులు కడుక్కుని వచ్చేసరికి కారు నిండిపోయి ఉంది. వెనక సీటులో వదినగారు, ఒళ్ళో దిండు. ఆవిడ పక్కన బావమరిది, అతని పక్కన కొట్లోంచి తెచ్చిన చుట్టిన పరుపు. ముందు సీటులో తోడల్లుడు కళ్ళజోడుతో. డిక్కీలో ఫ్యాను, బకెట్టు, ఫ్లాస్కు, ఒక మడతకుర్చీ.

"ఎక్కండి మరిదిగారూ, ఆలస్యమవుతోంది. దాని తల నా ఒళ్ళో, కాళ్ళు వీడి ఒళ్ళో. అన్నీ ఆలోచించేశాను" అంది వదినగారు.

బాబాయి ఎక్కలేదు. స్తంభం మీద పలకకేసి చూశాడు. కిక్కిరిసిన బొమ్మల వరస. వీళ్ళందరితో వెళ్ళాలంటే వెనక ముప్పై ఆరు ఉండాలి. ముప్పై ఆరంటే గట్టి. గట్టి అంటే కుదుపు. ముప్పై మీదే వీళ్ళందరినీ ఎక్కించుకుంటే మళ్ళీ బడి ముందు గుద్దే. ఆయన ఒక్కొక్కటిగా నాలుగు తలుపులూ తీసి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"ఏమిటిది?" అంది వదినగారు.

"ఓవర్‌లోడు. దిగాలి."

"ఎవరు?"

"అందరూ."

"నేను మొదటే ఎక్కాను! ఆఖరున ఎక్కినవాళ్ళు కదా దిగాలి, మీరే అంటారుగా!"

"వదినగారూ, ఈ బండి ఇద్దరికి కొట్టిన గాలి మీద ఉంది. ఒకణ్ణి నేను. రెండోది మీరు కాదు."

ఆ మాటకు తోడల్లుడు కళ్ళజోడు తీసేశాడు. వాతావరణం మారబోతోందని ముందుగా తెలిసే మనిషి, గబగబా దిగేశాడు. బావమరిది పరుపుతో సహా దిగాడు. వదినగారు మాత్రం కదల్లేదు.

"అది నా చెల్లెలు. నాకంటే ముందు మీరు తెలుసా దానికి?"

"లేదండీ."

"చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా ఎత్తుకు తిరిగింది నేను. ఇప్పుడు దాని తల పట్టుకోవడానికి నాకు చోటు లేదా?"

ఆవిడ గొంతులో దబాయింపు తగ్గి ఇంకేదో వినబడింది. లిఫ్టులో ఇలాంటివాళ్ళు ఎక్కేవారు అప్పుడప్పుడు, పై అంతస్తులో ఎవరికో ఏదో అయిందని. వాళ్ళనూ దింపాల్సి వచ్చేది.

"మీకు చోటు ఇంటి దగ్గర ఉంది. ఇవాళ్టి నుంచి నెల రోజులు ఆవిడ లేవాలన్నా పడుకోవాలన్నా మీరే పట్టుకోవాలి, నాకు చేతకాదు. ఈ ఒక్క ప్రయాణం నాకొదిలెయ్యండి. తలుపు పడందే బండి కదలదు, మీరు దిగందే తలుపు వెయ్యను."

వదినగారు దిండు ఒళ్ళో బిగించి ఇంకాసేపు కూర్చుంది. తర్వాత దిగింది. దిండు మాత్రం సీటు మీదే వదిలింది, తల వచ్చే వైపు.

"మేం బస్సులో వస్తాం. మీకంటే ముందే చేరతాం" అంది మూతి తిప్పి.

ఆసుపత్రి పోర్టికోలో ఆంబులెన్సు తలుపులు తెరుచుకుని సిద్ధంగా ఉంది. దాని పక్కన బురద రంగు కారు పెళ్ళివారింట పనివాడిలా ఒదిగి నిలబడింది. చక్రాల కుర్చీలో ఆవిడను తీసుకొచ్చారు. కారునొకసారి, మొగుణ్ణొకసారి చూసింది.

"చెప్పండి. ఎందుకంత పెట్టారు?"

దారంతా ఆయన పెద్ద ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. వేడి, చల్లదనం, పలక, బొమ్మలు, అన్నీ వరసలో ఉన్నాయి. ఆవిడ మొహం చూసేసరికి వరస చెదిరిపోయింది.

"మనం ఇద్దరమే కదా, అందుకని."

ఆవిడ చూపు కారులోని ఖాళీ సీట్ల మీదికి పోయింది. "మా అక్క రాలేదా?"

"ఎక్కింది. దింపేశాను."

"మా అక్కనా?"

"ఓవర్‌లోడు."

ఆవిడ నవ్వింది. నవ్వితే కుట్లు లాగాయి, లాగితే ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. "నన్ను నవ్వించకండి మహానుభావా, కారు చంపకపోతే మీరు చంపేట్టున్నారు" అంటూ చెయ్యి చాపింది. నర్సులిద్దరూ ఆంబులెన్సు వైపు తిప్పబోయిన కుర్చీని కారు వైపు తిప్పారు.

ఆ ప్రయాణం గురించి ఏం చెప్పినా తక్కువే. గోతులు ఆ కారును చూసి పక్కకు తప్పుకున్నాయి. తప్పుకోవడానికి వాటికి కావలసినంత సమయం కూడా ఉంది, ఎందుకంటే బాబాయి అంత నెమ్మదిగా నడిపాడు. వెనక హారన్లు మోగించినవాళ్ళు విసిగి, ఇంజన్లు ఆపి, దిగి నడుచుకుంటూ దాటిపోయారు. ఒక నత్త వెనక్కి తిరిగి చూసి జాలిపడింది. మధ్యలో ఒక బస్సు దాటింది. దాని కిటికీలోంచి వదినగారు వంగి వంగి వెనక సీటులోకి చూసింది. చెల్లెలి తల కింద తన దిండు ఉందని చూసుకుని, మూతి యథాస్థానానికి తెచ్చుకుంది. బడి దగ్గర స్పీడు బ్రేకరు రాగానే కారు దాన్ని ఎక్కిన గుర్తు కూడా లేకుండా, ఆకాశంలో మబ్బు కొండ దాటినట్టు దాటిపోయింది. ఆవిడకు గాఢనిద్ర. ఇంటి ముందు ఆగాక లేపితే, "అప్పుడే బయల్దేరామా?" అందట.

ఈ కథ ఇప్పుడు మంగలి షాపు నుంచి పరుపుల కొట్టు దాకా ఇలాగే నడుస్తోంది. కొత్తగా కారు కొన్నవాళ్ళు బాబాయిని వెతుక్కుంటూ వచ్చి, ఒక్కసారి మా టైర్లు కూడా ఊదిపెట్టండి అని అడుగుతున్నారు. మొన్న ఒకాయన మరీ ముందుకెళ్ళి, ఆయన ఊపిరి పట్టిన టైరుకు పంక్చరు కూడా పడదన్నాడు. ఆవిడ ఇప్పుడు కర్ర పట్టుకుని, అక్కగారి భుజం మీద చెయ్యేసి, మిషన్ల మధ్య తిరుగుతోంది. ఆ రోజు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న బాబాయి, వచ్చినాయన చెప్పిందంతా చివరిదాకా విని, ఇలా అన్నాడు:

"నోటితో ఊదలేదండీ, కాలి పంపుతో తొక్కాను. ఆవిడ నిద్రపోలేదు, కళ్ళు మూసుకుంది. మూడుచోట్ల అబ్బా అంది. నాలుగోచోట అనలేదు, అక్కడ రోడ్డు బాగుంది."